చల్లగాలి ఉస్తాద్ – 14: టాకీసు కింది గది

కిందటి వారం ఆత్మారాం చేతిలో పెద్ద పానాతో ఇనుప నిచ్చెన ఎక్కుతుండగా ఆగాం. పదేళ్లుగా మూతపడి ఉన్న బోధన్ టాకీసును కూలగొడుతున్నారు. లోపలి పాత ఏసీ ప్లాంటును విప్పే పని నిజామాబాద్‌లోని ఆత్మారాం దుకాణానికి వచ్చింది. రాగి గొట్టాలు కోసి లారీకెత్తే ముందు వాటిలోని గ్యాసును ఖాళీ చెయ్యాలి. నలభై ఏళ్లుగా చేస్తున్నట్టే దాన్ని పైకప్పు మీది వాల్వు తిప్పి గాల్లోకి వదిలేద్దామనుకున్నాడు ఆత్మారాం. ఆయన దగ్గర ఎనిమిది నెలలుగా పని చేస్తున్న సిరికొండ పిల్ల నిఖిత మాత్రం, ఐ.టి.ఐ.లో పాఠం చెప్పిన దశరథం సారును బతిమాలి, గ్యాసును సిలిండర్లలోకి పట్టే మిషన్ ఒక్కరోజుకు తెచ్చింది. "ఆ వాల్వు తిప్పినవంటే రేపటి సంది నేను దుకాణానికి రాను ఉస్తాద్" అని కూడా అంది. ఆత్మారాం విననట్టే నిచ్చెన ఎక్కాడు.

నిఖిత కూడా ఎక్కింది.

మే నెల, పదకొండు గంటల ఎండ. ప్రొజెక్టర్ గది మీది స్లాబు చెప్పుల్లోంచి కూడా కాలుతోంది. అక్కడినుంచి చూస్తే ఒక పక్క శక్కర్‌నగర్ చెట్లు, వాటి వెనక మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ పొగ రాని పొగగొట్టం. ఇంకో పక్క, ఒకప్పుడు చెరకు నిలబడ్డ భూముల్లో కోసేసిన వరి మోళ్లు. గాలి లేదు. ఒక్క ఆకు కూడా కదలడం లేదు.

ఆత్మారాం వాల్వు దగ్గర గొంతుకూర్చుని పానా తగిలించబోయాడు. నిఖిత గబగబా వచ్చి తన అరచెయ్యి వాల్వు మీద పెట్టేసింది. ఇత్తడి కాలిన పెనంలా ఉంది. పళ్లు బిగించింది కానీ చెయ్యి తియ్యలేదు.

"చెయ్యి తియ్యి బిడ్డా."

"తియ్య."

"కాలుతది."

"కాలనీ."

ఆయన ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. పానా పక్కన పెట్టాడు. భుజం మీది తువ్వాల తీసి నాలుగు మడతలు పెట్టి, ఆమె చెయ్యి పైకి లేపి, వాల్వు మీద తువ్వాల వేసి, మళ్లీ ఆ చేతిని దాని మీదే పెట్టాడు.

"ఇగ పెట్టుకో. లొల్లి ఉంటే నోటితోని పెట్టుకుందం. చెయ్యి కాల్చుకునుడు ఎందుకు?"

నిఖితకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. ఈయనతో కొట్లాడటంలో కష్టమే ఇది. పనిలో చేరిన మొదటి రోజునే తన సొంత పానాల పెట్టె ఆమె ముందు పెట్టి, "ఆడివిల్ల చేతికి ఇది బరువైతదని ఎవడన్న అంటే వాని తల మీద ఎయ్యి" అన్నాడు. మధ్యాహ్నం ఇంటినుంచి భార్య శంకరమ్మ పంపే జొన్నరొట్టెల్లో మెత్తనివి ఎప్పుడూ ఆమె వైపే జరిపేవాడు.

"గింత ఆకాశం ఉన్నది" అన్నాడు ఆత్మారాం తల పైకెత్తి. "గీ డబ్బెడు గ్యాసుతోని నిండుతదా?"

"నిండుడు గాదు ఉస్తాద్. ఇది పోయి పైన దుప్పటి కప్పినట్టు కప్పుతది. లోపలి వేడిని బయటికి పోనియ్యది. బండి పొగ గూడ అదే పని చేస్తది, గని ఇది దానికి తాత. ఒక్క కిలో గ్యాసు ఇడిస్తే, నీ మోటర్‌సైకిల్ మీద భూమి చుట్టు ఒకసారి తిరిగొచ్చినంత లెక్క."

"ఎవలు కట్టిండ్రు ఆ లెక్క?"

"దశరథం సార్ బోర్డు మీద చేసి చూపెట్టిండు. నాకు నమ్మకం రాక నేను ఇంటికాడ మళ్లొకసారి చేసుకున్న. అంతే వచ్చింది."

"నా బండి ఎన్నడు బాసర దాటలే" అన్నాడాయన. మీసం కింద నవ్వు ఒకటి కదిలి ఆగింది.

ఆ నవ్వు చూసి నిఖితకు కొంచెం ధైర్యం వచ్చింది. "పోయిన ఎండకాలం నువ్వు ఎన్ని కొత్త ఏసీలు బిగించినవు? ఈ ఏడు దానికి డబల్. ఎండ ముదిరినకొద్ది మనకు గిరాకి. మనం ఇడిసిన గ్యాసుతోని ఎండ ఇంకింత ముదురుతది. మళ్ల మనకే గిరాకి. ఖలీల్‌వాడిల ఒక ఇల్లు సల్లగ చేసి, పక్కింటోళ్లను ఉడికిస్తున్నం. గిదేం పని ఉస్తాద్?"

ఆత్మారాం ముఖం గంభీరమైంది. "అంటే నలభై ఏండ్లు నేను చేసింది పాపమంటవా?"

"నేను గట్లన్ననా? అప్పుడు నీకు ఎవ్వరు చెప్పలే. మిషన్ లేకుండె. ఇప్పుడున్నది, కింద ట్రాలీలనే ఉన్నది. గ్యాసు ఎక్కువ నిలిచేది కింది ప్లాంటు గదిల టాంకిల, దానికి పైపు తగిలిస్తే సాయంత్రం వరకు మొత్తం పట్టుకోవచ్చు. నువ్వు దిగకు. నేనే దిగుత..."

"నువ్వు దిగవు!"

ఆ అరుపుకు టాకీసు రేకుల మీది పావురాలు లేచాయి. ఆత్మారాం లేచి నిలబడ్డాడు. కాలు తగిలి పానా స్లాబు మీద జారుతూ పోయింది. ఆయన ఇంత గట్టిగా అరవడం నిఖిత ఎప్పుడూ వినలేదు. గిరాకీలు తిట్టినా మెల్లగా మాట్లాడే మనిషి.

కింద ఆవరణలో పాత ఇనుము తూకం వేయిస్తున్న రాధాబాయి తల ఎత్తింది. టాకీసు సామాను మొత్తం కొన్న వ్యాపారి ఆమె. రాష్ట్ర సరిహద్దుకు అవతల, మరాఠీ మాట్లాడే ధర్మాబాద్ మనిషి. "కాయ్ ఝాలం? ఏమైందయ్యా పైన?" అని కేకేసింది.

"ఏం లేదక్కా!" అంది నిఖిత. తర్వాత మెల్లగా, "ఏమైంది ఉస్తాద్?" అంది.

ఆత్మారాం పిట్టగోడ నీడలో కూలబడ్డాడు. నిఖిత నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది. ఆయన తాగలేదు. సీసాను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"ఈ ప్లాంటు బిగించింది నేనే" అన్నాడు. "నేను, చిన్నయ్య. తొంభై ఎనిమిదిల. చిన్నయ్య అంటే నీకెర్కలే. బోధన్ పిలగాడే. నాకు జతగాడు. ఒకటే తలెల తిన్నం, ఒకటే చాప మీద పన్నం. బిగించినంక దీన్ని సూసుకునే కొలువు గూడ ఇద్దరికి ఇచ్చిండ్రు."

నిఖిత ఆయన పక్కనే కూర్చుంది.

"ఒక శుక్రవారం కొత్త సినిమా. పొద్దటి సంది హాలు సల్లబడతలేదు. ఏడనో అతుకు కాడ కారుతున్నదని అనుమానం. మాట్నీ వరకు బాగ చెయ్యుండ్రని ఓనరు తొందర. అతుకు పెట్టే రాడ్ అయిపోయింది. చిన్నయ్యతోని నేనే అన్న, 'నువ్వు కిందికి దిగి ఏడ కారుతుందో సూస్తుండు, నేను బజార్ల రాడ్ తెస్త' అని. నేనే అన్న."

"తర్వాత?"

"ఆ గదికి ఆరు మెట్లు దిగాలె. కిటికీ లేదు. మిషన్ సప్పుడు హాల్లకు రాకుండ తలుపెప్పుడు మూసే ఉంచుతుండె. నేను వచ్చేవరకు అరగంటయింది. తలుపు తీస్తే చిన్నయ్య ఆఖరి మెట్టు మీద తల పెట్టి పన్నడు. నిద్రపోయిండనుకున్న. గ్యాసుకు వాసన లేదు, రంగు లేదు. గ్యాసు గదంతా నిండి మంచి గాలిని బయటికి తోసేసింది. ఊపిరి పట్టి దిగి ఈడ్సుకొచ్చిన. జీపుల ఏసి దవాఖానకు తోలిండ్రు."

ఆయన సీసాను పక్కన నేల మీద పెట్టాడు.

"నేను జీపెక్కలే బిడ్డా. కాళ్లు రాలే. వాని పెండ్లాం అడిగితే ఏం చెప్పాలె? తెల్లారి పోయిండని కబురొచ్చింది. మట్టికి గూడ పోలే. ఆ వారమే నిజామాబాద్ పోయి దుకాణం పెట్టిన. ఇరవై ఏడేండ్లయింది, మళ్ల ఈ టాకీసు దిక్కు రాలే. ఇది కూలగొడుతున్నరంటే, నా చేతితోని బిగించింది నా చేతితోనే ఇప్పాల్నని వచ్చిన."

నిఖితకు ఇన్నాళ్లూ అర్థం కానిది ఒక్కసారిగా అర్థమైంది. దుకాణంలో ఎంత చిన్న ఫ్రిజ్ వచ్చినా ఈయన దాన్ని ఫుట్‌పాత్ మీదికి మోసుకుపోయే విప్పుతాడు. గ్యాసు వదిలేటప్పుడు ఆమెను పది అడుగులు దూరం జరగమంటాడు. "పో, బయటికి పో" అని ఆ గాలితో మెల్లగా అంటాడు కూడా. ముసలాయన చాదస్తం అనుకునేది. గ్యాసును నాలుగు గోడల మధ్య ఉంచకూడదు, బయటికి తోలెయ్యాలి. అదొక్కటే ఆయన చిన్నయ్యకు చెల్లిస్తూ వచ్చిన మొక్కు.

ఆ మొక్కునే తప్పు అని ఎలా చెప్పాలి?

"ఉస్తాద్" అంది చివరికి. "మా బాపు పసుపు సంగతి నీకు చెప్పిన గద. దుంప ఊరే టైంల ఆగకుండ వానలు పడి సగం చేను మురిగిపోయింది. అంతకుముందేడు ఎండకు ఆకులు మాడినయి. ఇది మన ఒక్క గ్యాసు వల్లనే అయిందని నేను అన. గట్లంటే అబద్ధమైతది. గని వేడి పెరుగుతున్నది, అండ్ల మన చేతిది గూడ ఇంత ఉన్నది. నువ్వు బయటికి తోలితే ఇంగ ఎవ్వరికి ఏం గాదనుకున్నవు. అది పోయే బయట మా చేను ఉన్నది ఉస్తాద్."

ఆత్మారాం పొలాల వైపు చూస్తున్నాడు. మోళ్ల మీద వేడి ఆవిరి నీళ్లలా కదులుతోంది. సీసా ఎత్తి గటగటా తాగాడు.

"నీకు ఏమన్న అయితే సిరికొండల మీ బాపుకు నేను ఏమని చెప్పాలె?"

"ఏం కాకుండనే చేద్దం. చిన్నయ్య ఒక్కడు దిగిండు, తలుపు మూసి ఉండె. మనం తలుపే పీకేద్దం. పంకలు పెడదం. గ్యాసు కారితే కూసే డబ్బ నా జేబుల ఉంటది. మిషన్ బయట పెట్టి పొడుగు పైపులు ఏద్దం. పైపు బిగించనీకె రెండు నిమిషాలు, అంతే. నడుముకు తాడు కట్టుకుంట. ఆ తాడు నువ్వు పట్టుకో."

నిఖిత లేచి నిలబడి చెయ్యి చాపింది. అరచేతిలో ఎర్రగా కమిలిన గుర్తు ఉంది. ఆత్మారాం ఆ గుర్తును చూశాడు. మణికట్టు పట్టుకుని లేచాడు.

కిందికి దిగాక ముందు రాధాబాయిని ఒప్పించాల్సి వచ్చింది.

"అగ బాయీ! గాలి కోసం గింత తిప్పలా?" అందామె నడుము మీద చేతులు పెట్టుకుని. "ఐదు గంటలకు నా లారీ ఒస్తది. మావోళ్లు గ్యాస్ కట్టర్‌తోని ఒక్క గంటల కోసేస్తరు."

"గ్యాసున్న పైపు మీద మంట పెడితే విషపు పొగొస్తది అక్కా. కోసేటోళ్లు మీవోళ్లే" అంది నిఖిత.

రాధాబాయి కళ్లు పెద్దవయ్యాయి. వెనక్కి తిరిగి, కట్టర్ పట్టుకుని సిద్ధంగా ఉన్న ఇద్దరినీ మరాఠీలో గట్టిగా గదమాయించింది. కట్టర్లు కింద పెట్టేశారు. "ఐదు అంటే ఐదే. లవ్‌కర్, లవ్‌కర్, జల్ది!" అని, తనే ముందు నడిచి ప్లాంటు గది తలుపు పీకించింది. జనరేటర్ కూడా ఇచ్చింది.

రెండు పెద్ద పంకాలు, ఒకటి లోపలికి ఊదేది, ఒకటి బయటికి లాగేది. అరగంట అలా తిరగనిచ్చారు. నిఖిత కూసే డబ్బాను తాడుకు కట్టి మెట్ల కిందికంటా దించింది. అది కూయలేదు. మళ్లీ దించింది. అప్పుడు నడుముకు తాడు బిగించుకుంది.

ముడి ఆత్మారాం వేశాడు. వేసి, ఊడదీసి, ఇంకోసారి వేశాడు.

"నేను పిలిసిన పిలుపుకల్లా ఊ కొట్టాలె. ఒక్క ఊ తప్పినా గుంజేస్త."

"సరే ఉస్తాద్."

ఆమె దిగింది. ఆత్మారాం కూడా ఒక మెట్టు దిగాడు. రెండో మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగిపోయాడు. ఆ కాలు కిందికి పోలేదు. అక్కడే నిలబడి తాడును మణికట్టుకు రెండు చుట్లు తిప్పుకున్నాడు.

"నిఖితా!"

"ఊ."

కింద టార్చి వెలుగులో దుమ్ము పట్టిన టాంకి. దాని మీద ఎర్ర రంగుతో రాసిన తేదీ ఇంకా కనిపిస్తోంది. నిఖిత పైపు మర తిప్పుతోంది.

"నిఖితా!"

"ఊ ఉస్తాద్."

"వాల్వు బిగుసుకుని ఉంటది. ఎడమ దిక్కు జర్ర ఒత్తి తిప్పు. బలం పెట్టకు, మెల్లగ."

ఆమె ఎడమవైపు ఒత్తి తిప్పింది. ఇరవై ఏడేళ్ల తర్వాత కూడా ఆయన చెప్పినట్టే అది కదిలింది.

"నిఖితా! నిఖితా!"

"ఊ! వస్తున్న, వస్తున్న. అయిపోయింది."

ఆమె తల ఎండలోకి రాగానే ఆత్మారాం తాడు వదలకుండానే రెండో చేత్తో ఆమె నెత్తి మీద చెయ్యి వేశాడు. కాసేపు అలాగే ఉంచాడు. రాధాబాయి అటు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమట అనుకోవాలి, ఆ ఎండలో.

మిషన్ మధ్యాహ్నమంతా మోగింది. మూడు సిలిండర్లు నిండాయి. ఏదీ పూర్తిగా నింపకుండా పైన జాగా వదులుతూ, ఒక్కొక్కటీ రాధాబాయి తూకం మీదే తూచారు. మొత్తం నలభై మూడు కిలోలు. అవి దశరథం సారు దగ్గరికి పోతాయి, అక్కడినుంచి గ్యాసును శుద్ధి చేసి మళ్లీ వాడేచోటికి పంపుతారు. ఆత్మారాం సిలిండర్ల చుట్టూ తిరిగి చూశాడు. పట్టిన గ్యాసుకు వెచ్చబడి ఉన్నాయి. ఒకదాని మీద చెయ్యి వేసి, "ఇన్నేండ్లు నేను ఇడిసింది తిరిగి రాదు గని..." అని, దాన్ని ట్రాలీ వైపు జరిపాడు.

ఐదుకు ఇంకా పావుగంట ఉండగా రాధాబాయి మనుషులు రాగి కొయ్యడం మొదలుపెట్టారు.

ట్రాలీ ఆటో నడిపేది నిఖితే. సిలిండర్లు కట్టి, ఎడపల్లి దారిలో నిజామాబాద్ వైపు తిప్పబోతుంటే, పక్క సీట్లోంచి ఆత్మారాం, "అటు గాదు" అన్నాడు. "రాకాసిపేట దిక్కు పోనియ్యి."

నిఖిత ఆయన వేలు చూపిన సందుల్లో తిప్పుకుంటూ పోయింది. రెండుసార్లు దారి తప్పారు. మూడోసారి ఆకుపచ్చ తలుపున్న ఒక చిన్న రేకుల ఇంటి ముందు "ఆపు" అన్నాడు. దిగడానికి చాలాసేపు పట్టింది ఆయనకు.

గడపలో ఒకావిడ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. జుట్టంతా తెల్లబడింది. వేళ్లు మాత్రం ఆకును చూడకుండానే కత్తిరిస్తున్నాయి, చుడుతున్నాయి. నీడ పడితే తలెత్తింది.

"వదినే" అన్నాడు ఆత్మారాం. "నేను..."

"ఆత్మారాం" అందామె. ఆమె వేళ్లు ఆగాయి. "గింత ముసలోనివైనవా నువ్వు?"

ఆమే చిన్నయ్య భార్య సాయవ్వ. అరవలేదు, తలుపు వెయ్యలేదు. లోపలికెళ్లి రెండు గ్లాసుల్లో నీళ్లు తెచ్చింది, పీట వేసింది. ఆత్మారాం పీట మీద కాక నేల మీద కూర్చున్నాడు.

"ఆ దినం కిందికి పంపింది నేనే వదినే. నా నోటితోని నేనే పొమ్మన్న. ఆ మాట నీకు చెప్పనీకె ఇరవై ఏడేండ్లు ధైర్యం రాలే."

"నాకెర్కే" అంది సాయవ్వ. "ఆయనే చెప్పిండు."

ఆత్మారాం తల చటుక్కున లేచింది. "చిన్నయ్యనా? చిన్నయ్య మాట్లాడిండా?"

"దవాఖానల తెలివొచ్చింది. రాత్రంత తెలివితోనే ఉండె. నువ్వొస్తవని దర్వాజ దిక్కే సూసిండు. నువ్వు రాలే." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. పాత గాయాన్ని చేత్తో తడిమి చూసుకుంటున్నట్టు మాట్లాడుతోంది. "తెల్లారంగ పోయిండు. పొయ్యేముందు నీకు చెప్పుమని ఒక మాట చెప్పిండు. నువ్వొస్తేనే చెప్పాల్నని ఎవ్వరికి చెప్పలే. నా కొడుకుకు గూడ చెప్పలే."

ఆమె చూపు నిఖిత మీదికి మళ్లింది. నూనె మరకల చొక్కా, కమిలిన అరచెయ్యి, నడుముకు ఇంకా విప్పని తాడు.

"ఈ పిల్ల?"

"నా దగ్గర పని నేర్సుకుంటది. నా బిడ్డ లెక్క."

"అయితే కూసోబెట్టు. ఈమె గూడ వినాలె."

నిఖిత ఆత్మారాం పక్కనే నేల మీద కూర్చుంది. సాయవ్వ చాట పక్కకు జరిపి, ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"ఆ దినం గ్యాసు కారలే ఆత్మారాం" అంది మెల్లగా. "ఆయనే ఇడిసిండు. నీకోసమే ఇడిసిండు."

(మిగతాది వచ్చే వారం)